పన్ను లేని పొదుపు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. మనకు నోట్లో నానిన 80సి (కొన్ని పొదుపులకు ఆదాయంలో మినహాయింపు ఇచ్చే సెక్షన్) అక్కడ 123వది. అందరికీ అలవాటైన పాత నంబర్లనే ఇక్కడ వాడాం.

ట్యాక్స్ ఫ్రీ అంటే దేనికి పన్ను లేనట్టు?

డబ్బు వేసేటప్పుడు మినహాయింపు ఉందా, పెరిగే వడ్డీకి ఉందా, చివర్లో తీసుకునేటప్పుడు ఉందా అని మూడు చోట్లా విడివిడిగా చూసుకోవాలి. మూడింటికీ ఉంటే దాన్ని ఈఈఈ అంటారు. పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్, 15 ఏళ్ల ప్రభుత్వ పొదుపు ఖాతా), సుకన్య సమృద్ధి (ఆడపిల్ల పేరున తెరిచే ప్రభుత్వ పొదుపు ఖాతా) ఆ కోవలోవే. కొన్ని షరతులతో ఉద్యోగుల పీఎఫ్ కూడా అంతే.

జనం ఎక్కువగా తికమకపడేది 'ట్యాక్స్ సేవింగ్', 'ట్యాక్స్ ఫ్రీ' అనే రెండు మాటల దగ్గర. బ్యాంకులో అయిదేళ్ల ట్యాక్స్ సేవింగ్ ఎఫ్‌డీ వేస్తే పాత పన్ను విధానంలో 80సి కింద మినహాయింపు వస్తుంది గానీ దాని వడ్డీ మొత్తానికీ పన్ను కట్టాల్సిందే. పోస్టాఫీసు ఎన్‌ఎస్‌సీ (నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్) కూడా దాదాపు ఇంతే. పేరులో ట్యాక్స్ ఉంది కదా అని వడ్డీ కూడా మినహాయింపే అనుకుని రిటర్నులో చూపించని వాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వడ్డీ వివరం పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు ముందే చేరిపోయి ఉంటుంది. నోటీసు వచ్చాక టెన్షన్ పడి లాభం లేదు.

నాకు అసలు పన్నే పడదు. ఇలాంటి పథకాల్లో వేస్తే నాకేంటి లాభం?

అందరూ ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. చాలామంది దీన్ని ఆఖర్న అడుగుతారు, కొందరు అసలు అడగనే అడగరు.

కొత్త పన్ను విధానంలో (రేట్లు తక్కువ, 80సి లాంటి మినహాయింపులు ఉండవు) 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవారికి 87ఏ రిబేటు (పన్ను మాఫీ) వల్ల పన్ను సున్నా. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ (ఏ లెక్కా చూపకుండా జీతంలోంచి తీసేసే మొత్తం) కూడా ఉంటుంది కాబట్టి 12.75 లక్షల దాకా ఇబ్బంది లేదు. అంటే ఈ దేశంలో జీతం మీద బతికే మామూలు కుటుంబాల్లో చాలావాటికి ఎఫ్‌డీ వడ్డీ కూడా ఇప్పుడు పన్ను లేని వడ్డీయే. అలాంటప్పుడు 'పన్ను లేదు' అనే ముద్రకు మీ దగ్గర విలువ లేదు. వడ్డీ రేటు ఎంత, డబ్బు ఎన్నాళ్లు చేతికి రాదు, అసలుకు భద్రత ఉందా అన్నవే మీరు చూసుకోవాల్సినవి.

ఒక ఉదాహరణ. ఏడాదికి 6 లక్షల పింఛను వచ్చే పెద్దాయన 30 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో పెట్టారనుకోండి. వడ్డీ 8.2 శాతం, ఏడాదికి 2,46,000. మూడు నెలలకోసారి 61,500 ఖాతాలో పడుతుంది. నిబంధన ప్రకారం ఈ వడ్డీకి పన్ను ఉంది. కానీ ఆయన మొత్తం ఆదాయం 8.46 లక్షలే కాబట్టి కొత్త విధానంలో ఆయన కట్టేది సున్నా. పన్ను లేదన్న ఒక్క కారణంతో ఈయన 7.1 శాతం పీపీఎఫ్ వైపు వెళ్లడం అనవసరం. వడ్డీ ఏడాదికి లక్ష దాటింది కాబట్టి టీడీఎస్ (వడ్డీ ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోయకుండా ఏటా ఫారం ఇవ్వడం మాత్రం మరిచిపోకూడదు.

నాకు పన్ను పడుతుంది. ఎఫ్‌డీ మేలా, పీపీఎఫ్ మేలా?

పన్ను పోగా ఎంత మిగులుతుందో చూసుకుంటే చాలు. పీపీఎఫ్ వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం దగ్గరే ఉంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి పన్ను 31.2 శాతం. వాళ్లకు ఎఫ్‌డీలో 10.3 శాతం వడ్డీ వస్తే గానీ చేతికి 7.1 మిగలదు. భద్రమైన ఏ బ్యాంకూ అంత ఇవ్వదు. 20 శాతం శ్లాబులో అదే లెక్క సుమారు 9 శాతం, 15 శాతం శ్లాబులో 8.4. పాత విధానంలో 5 శాతం శ్లాబు దగ్గరికి వస్తే 7.5 శాతం వడ్డీ ఇచ్చే ఎఫ్‌డీ చాలు, రెండూ సమానం.

పన్ను ఎంత ఎక్కువ కడుతుంటే పీపీఎఫ్ అంత లాభం. పెద్ద జీతగాడికి ఇది వరం, చిన్న జీతగాడికి ఫర్వాలేదనిపించే పథకం. ఈ సంగతి మనకు ఎవరూ ఇలా విడమరిచి చెప్పరు.

కొత్త పన్ను విధానంలోకి మారాను. పీపీఎఫ్ ఆపేయాలా?

అక్కర్లేదు. కొత్త విధానంలో పోయేది వేసేటప్పటి 80సి మినహాయింపు మాత్రమే. పీపీఎఫ్, సుకన్య వడ్డీకీ, గడువు తీరాక వచ్చే సొమ్ముకీ ఎప్పటిలాగే పన్ను లేదు.

అయితే 80సి కోసమే ఏటా మార్చి నెలాఖరులో అప్పు చేసి మరీ లక్షన్నర వేస్తున్నవారికి ఇక ఆ తిప్పలు అక్కర్లేదు. ఖాతా బతికి ఉండటానికి ఏడాదికి 500 వేస్తే చాలు. అది కూడా వేయకపోతే ఖాతా ఆగిపోతుంది. మళ్లీ నడిపించుకోవాలంటే తప్పిన ప్రతి ఏడాదికీ 500, దాని మీద 50 రూపాయల జరిమానా కట్టాలి.

అద్దె ఇల్లు, గృహరుణం వడ్డీ, 80సి, ఆరోగ్య బీమా అన్నీ నిండుగా ఉన్నవారికి పాత విధానమే లాభం కావచ్చు. జీతగాళ్లు ఏటా రెండు లెక్కలూ వేసి చూసి ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. వ్యాపారం చేసేవారికి ఆ వెసులుబాటు లేదు. కొత్త విధానం వద్దని పాతదానికి వెళ్లినవారు తిరిగి రాగలిగేది ఒక్కసారే.

పీపీఎఫ్‌లో 5వ తేదీ లోపు వేయాలంటారు, ఎందుకు?

నెలలో 5వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వ మీదే ఆ నెల వడ్డీ కడతారు. ఏప్రిల్ 5న లక్షన్నర వేస్తే ఏప్రిల్ వడ్డీ వస్తుంది. 6న వేస్తే రాదు, ఒక్క రోజు ఆలస్యానికి 887 రూపాయలు పోతాయి. మార్చి 31న వేసేవారికి ఏప్రిల్ మొదట్లో వేసినవారికన్నా ఆ ఏడాది 10,650 తక్కువ.

పాస్‌బుక్కులో ఇదంతా కనిపించదు. వడ్డీ నెలనెలా లెక్కకడతారు గానీ జమ చేసేది ఏడాదికి ఒక్కసారే, మార్చి 31న ఒకే ఎంట్రీగా. అందుకే ఎంత పోగొట్టుకున్నామో చాలామందికి తెలియదు. చెక్కు ఇచ్చేవారికి ఇంకో మాట: చెక్కు ఇచ్చిన తేదీ కాదు, డబ్బు ఖాతాలో జమయ్యే తేదీ ముఖ్యం.

ఏటా ఏప్రిల్ మొదట్లో లక్షన్నర చొప్పున 15 ఏళ్లు వేస్తే, రేటు ఇదే ఉంటే, వేసిన 22.5 లక్షలు సుమారు 40.68 లక్షలవుతాయి. రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కాబట్టి ఈ అంకెను ఎవరైనా గ్యారంటీ అని చెబితే నమ్మకండి.

15 ఏళ్లు డబ్బు ఇరుక్కుపోతుందిగా?

పూర్తిగా ఇరుక్కుపోదు, అలాగని అడగ్గానే చేతికీ రాదు. 2025 జులైలో ఖాతా తెరిచారనుకుందాం. గడువు 15 ఏళ్లంటే 2040 జులై కాదు. తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 15 ఏళ్లు, అంటే 2041 మార్చి నెలాఖరు. 2027 ఏప్రిల్ నుంచి 2031 మార్చి మధ్య అప్పు తీసుకోవచ్చు. రెండేళ్ల కిందటి నిల్వలో 25 శాతం దాకా ఇస్తారు. 36 నెలల్లో తీర్చేస్తే ఏడాదికి 1 శాతమే వడ్డీ. ఇంత చౌకగా బయట ఎక్కడా పుట్టదు, అయినా దీన్ని వాడుకునేవారు తక్కువ. 2031 ఏప్రిల్ నుంచి ఏడాదికోసారి కొంత వెనక్కి తీసుకోవచ్చు. నాలుగేళ్ల కిందటి నిల్వ, నిరుటి నిల్వ చూసి ఏది తక్కువైతే అందులో సగం వరకు.

పెద్ద జబ్బు, పై చదువు, విదేశాల్లో స్థిరపడటం లాంటి కారణాలతో అయిదేళ్లు దాటాక ఖాతా మూసేయనిస్తారు, వడ్డీలో 1 శాతం కోత పడుతుంది.

గడువు తీరాక ఏం చేయాలన్న దగ్గరే చాలామందికి దెబ్బ తగులుతుంది. డబ్బు వేస్తూ మరో అయిదేళ్లు పొడిగించుకోవాలంటే ఏడాదిలోపు ఫారం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఖాతా ఉంటుంది, ఉన్న నిల్వకు వడ్డీ వస్తుంది, కానీ కొత్తగా వేయడానికి కుదరదు. అయితే అప్పటికి అందులో 40 లక్షలున్నాయంటే, వేయకుండా ఊరికే ఉంచుకోవడం కూడా మంచి పనే. ఏడాదికోసారి కావలసినంత తీసుకోవచ్చు, పన్ను లేదు. రిటైరైన వారికి ఇంతకన్నా హాయైన ఏర్పాటు నాకు కనిపించలేదు.

భార్య పేరున, పిల్లల పేరున కూడా తెరిస్తే పరిమితి పెరుగుతుందా?

పిల్లల పేరున పెరగదు. మైనరు ఖాతాలో మీరు వేసేదీ, మీ సొంత ఖాతాలో వేసేదీ కలిపి లక్షన్నరే. భార్య పేరున అయితే ఆమెకు వేరే లక్షన్నర పరిమితి ఉంటుంది. మీరిచ్చిన డబ్బు మీద వచ్చే ఆదాయాన్ని మీ ఆదాయంలో కలపాలని చట్టం చెబుతుంది. కానీ పీపీఎఫ్ వడ్డీకి అసలే పన్ను లేదు కాబట్టి కలిపినా మీ మీద భారం పడదు. అదే డబ్బు ఆమె పేరున ఎఫ్‌డీ వేస్తే ఆ వడ్డీ మీ నెత్తినే పడుతుంది.

ఒకే మనిషికి బ్యాంకులో ఒకటి, పోస్టాఫీసులో ఒకటి చొప్పున రెండు పీపీఎఫ్ ఖాతాలు ఉండకూడదు. ఉంటే కలిపేయమని 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. మూడో ఖాతా ఉంటే దానికి వడ్డీయే రాదు.

ఆడపిల్ల ఉంది. సుకన్య మేలా?

పదేళ్లలోపు పాపకు, వడ్డీ మాటకొస్తే, మేలే. 8.2 శాతం, పన్ను లేదు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠం లక్షన్నర. 15 ఏళ్లు వేస్తే ఖాతా తెరిచిన నాటి నుంచి 21 ఏళ్లకు చేతికొస్తుంది. పదో తరగతి పూర్తయినా, 18 నిండినా చదువుకోసం నిరుటి నిల్వలో సగం తీయొచ్చు. 18 దాటాక పెళ్లికి ముందస్తుగా మూసేయొచ్చు.

లోపం అంటే ఒకటే, మధ్యలో కదిలించలేం. అందుకే ఉన్నదంతా ఇందులో పోయకండి. ఇంకో సంగతి: మనవరాలి మీద ప్రేమతో తాతయ్యలు, అమ్మమ్మలు తెరిచిన ఖాతాలు చాలా ఉన్నాయి. తల్లిదండ్రులు ఉండగా వాళ్లు చట్టప్రకారం సంరక్షకులు కారు కాబట్టి అలాంటి ఖాతాలను తల్లి లేదా తండ్రి పేరు మీదికి మార్పించుకోవాలి. డబ్బు మాత్రం తాతయ్యే కట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు.

ఉద్యోగుల పీఎఫ్‌లో అదనంగా వేయించుకోవచ్చా?

వీపీఎఫ్ అని ఉంటుంది, జీతంలోంచే అదనంగా కోయించుకోవచ్చు. 2024-25కి పీఎఫ్ వడ్డీ 8.25 శాతం. పీపీఎఫ్ కన్నా ఒక శాతానికి పైగా ఎక్కువ. నన్నడిగితే పన్ను కట్టే జీతగాళ్లు పీపీఎఫ్ కన్నా ముందు చూడాల్సింది దీన్నే.

ఉద్యోగి వాటా ఏడాదికి 2.5 లక్షలు దాటితే, దాటిన మొత్తం మీద వచ్చే వడ్డీకి పన్ను ఉంది. బేసిక్ 40 వేలుంటే 12 శాతం చొప్పున మీ వాటా నెలకు 4,800, ఏడాదికి 57,600. ఇంకా 1,92,400 దాకా పన్ను లేకుండా వేసుకునే చోటుంది. అయిదేళ్ల సర్వీసు నిండకుండా తీసుకుంటే పన్ను పడుతుంది. ఉద్యోగాలు మారేటప్పుడు పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయించుకుంటే సర్వీసు కలిసివస్తుంది. ఉద్యోగం మానేశాక ఖాతాలో జమయ్యే వడ్డీకి కూడా పన్ను ఉంది. మానేసి ఏళ్లు గడిచినా పీఎఫ్‌ను అలా వదిలేసినవారు ఇది గమనించాలి.

ఈఎల్‌ఎస్‌ఎస్, మ్యూచువల్ ఫండ్ల లాభానికి పన్ను లేదంటున్నారు, నిజమేనా?

ఆ రోజులు పోయాయి. 2018 ఏప్రిల్ నుంచి దీర్ఘకాలిక లాభానికి పన్ను మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఈక్విటీ ఫండ్లను (షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్లు) ఏడాది దాటాక అమ్మితే ఏడాదికి 1.25 లక్షల లాభం దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. ఈఎల్‌ఎస్‌ఎస్‌కీ ఇంతే. ఇది 80సి మినహాయింపు వచ్చే ఈక్విటీ ఫండు, మూడేళ్లు అమ్మలేరు. సిప్ (నెలనెలా కొంత వేయడం) అయితే ప్రతి వాయిదాకూ విడిగా మూడేళ్లు. కొత్త విధానంలో ఉన్నవారికి 80సి లేదు కాబట్టి ఈ మూడేళ్ల తాళం ఎందుకో నాకు అర్థం కాదు. మామూలు ఇండెక్స్ ఫండు చాలు.

12 లక్షల లోపు ఆదాయమే కదా, మాకు పన్ను లేదనుకునేవారు ఇక్కడ జాగ్రత్త. ఆ రిబేటు షేర్ల లాభాలకు వర్తించదు. జీతం 8 లక్షలు, ఫండ్లు అమ్మితే వచ్చిన దీర్ఘకాలిక లాభం 3 లక్షలు అనుకుంటే, 1.75 లక్షల మీద 21,875, పైన సెస్సు కట్టాల్సిందే.

ఆ 1.25 లక్షల వెసులుబాటు ఏ ఏడాదికా ఏడాది. వాడుకోకపోతే పోయినట్టే, వచ్చే ఏడాదికి మిగలదు. 4 లక్షలు పెట్టినది 5.2 లక్షలైందనుకోండి. మార్చిలోపు అమ్మి తిరిగి అదే ఫండు కొనుక్కుంటే ఈ 1.2 లక్షల లాభానికి పన్ను లేదు, ఇకపై మీ కొనుగోలు ధర 5.2 లక్షలు అవుతుంది. ముందు ముందు పడే 15 వేల పన్ను తప్పుతుంది. ఎగ్జిట్ లోడ్ (ముందే అమ్మితే కోసే రుసుము) ఉందేమో చూసుకోండి. అమ్మకానికీ కొనుగోలుకీ మధ్య ఒకట్రెండు రోజుల తేడాలో ధర మారవచ్చు, దానికి సిద్ధపడాలి.

బీమా పాలసీ డబ్బుకు పన్ను లేదుగా, ఏజెంటు గారు అదే చెప్పారు.

ఆయన చెప్పింది చాలావరకు నిజమే. 2012 ఏప్రిల్ తర్వాత తీసుకున్న పాలసీల్లో ఏటా కట్టే ప్రీమియం బీమా మొత్తంలో 10 శాతం దాటకపోతే గడువు సొమ్ముకు పన్ను లేదు. 2023 ఏప్రిల్ నుంచి తీసుకున్నవాటిలో అన్ని పాలసీల ప్రీమియం కలిపి ఏడాదికి 5 లక్షలు దాటితే పన్ను ఉంటుంది. యూలిప్‌లకు (మార్కెట్లో పెట్టుబడి పెట్టే బీమా పాలసీలకు) ఆ గీత 2.5 లక్షలు.

చెప్పనిది మాత్రం ఒకటుంది. ఏటా 50 వేలు 20 ఏళ్లు కడితే చివర్లో 18 లక్షలు వస్తాయని కాగితం మీద రాసి చూపిస్తే పెద్ద మొత్తంలాగే కనిపిస్తుంది. లెక్క కడితే అది ఏడాదికి 5.3 శాతం దగ్గర తేలుతుంది. అవే 50 వేలు పీపీఎఫ్‌లో 7.1 శాతంతో 20 ఏళ్లకు 22 లక్షలు దాటతాయి. రెండింటికీ పన్ను లేదు, తేడా 4 లక్షలు. ఇంటికి సంపాదించే మనిషి ఉంటే టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బొచ్చే బీమా) తీసుకోండి, పొదుపును పొదుపులా విడిగా ఉంచండి. ఇప్పటికే కొన్నేళ్లు కట్టిన పాత పాలసీని మాత్రం కోపంతో సరెండర్ చేయకండి. సరెండర్ విలువ (ఇప్పుడే మూసేస్తే వచ్చేది), పెయిడప్ విలువ (ఇక కట్టకుండా ఉంచేస్తే గడువుకు వచ్చేది) రెండూ అడిగి తెలుసుకున్నాకే ఏ నిర్ణయమైనా.

ఎన్‌పీఎస్ సంగతేంటి?

ఇది (నేషనల్ పెన్షన్ సిస్టమ్) రిటైర్మెంటు కోసం పొదుపు చేసే పథకం, పన్ను మాటకొస్తే సగం సగం. రిటైరయ్యేటప్పుడు 60 శాతం దాకా ఒకేసారి తీసుకునే డబ్బుకు పన్ను లేదు. యాన్యుటీలో (పింఛను ఇచ్చే పాలసీలో) పెట్టే భాగం మీద నెలనెలా వచ్చే పింఛనుకు పన్ను ఉంది. కొత్త విధానంలో కూడా యజమాని జమచేసే వాటాకు బేసిక్, డీఏలో 14 శాతం దాకా మినహాయింపు ఉంది. మీ కంపెనీలో ఆ ఏర్పాటు ఉంటే హెచ్‌ఆర్ వాళ్లను అడిగి పెట్టించుకోండి.

ట్యాక్స్ ఫ్రీ బాండ్లు ఇప్పుడు దొరుకుతాయా?

కొత్తవి 2015-16 తర్వాత రాలేదు. ఎన్‌హెచ్‌ఏఐ, ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, హడ్కో లాంటి ప్రభుత్వ రంగ సంస్థల పాత బాండ్లు స్టాక్ ఎక్స్ఛేంజిలో దొరుకుతాయి. వాటి మీద రాసి ఉన్న వడ్డీ చూసి మురిసిపోవద్దు, ఈరోజు ధరకు కొంటే గడువుదాకా ఎంత గిట్టుతుందో చూడాలి. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తక్కువ కాబట్టి కావాలన్నప్పుడు మంచి ధర రాదు. 30 శాతం శ్లాబు లేనివారు వీటి జోలికి వెళ్లక్కర్లేదు.

ప్రభుత్వ బంగారు బాండ్లు కూడా 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త విడత రాలేదు. మొదట్లో నేరుగా కొనుక్కున్నవారు గడువు దాకా ఉంచుకుంటే ఆ లాభానికి పన్ను లేదు. మధ్యమధ్యలో వచ్చే 2.5 శాతం వడ్డీకి ఉంది.

పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతా వడ్డీకి ఏదో మినహాయింపు ఉందటగా?

ఉంది. ఒక్కరి ఖాతా అయితే ఏడాదికి 3,500, జాయింటు ఖాతా అయితే 7,000 దాకా వడ్డీకి పన్ను లేదు, కొత్త విధానంలో కూడా. చిన్న మొత్తమే గానీ ఊరికే వదులుకోవడం ఎందుకు?

ఇన్నింటిలో ముందు దేంట్లో వేయాలి?

ఏదైనా వేసే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పన్ను ఉన్నా సరే అందుబాటులో ఉంచండి. అది లేకుండా 15 ఏళ్ల పథకంలో వేసినవాళ్లే చేతిలో డబ్బు ఆడనప్పుడు క్రెడిట్ కార్డు మీద ఏడాదికి 36 శాతం, ఆపైన కూడా వడ్డీకి వాడుకుంటారు. 7.1 శాతం పన్ను లేని వడ్డీ వాళ్లను ఏం కాపాడుతుంది? వడ్డీ ఎక్కువున్న అప్పుంటే ముందు అది తీర్చాలి.

ఆ తర్వాత, జీతగాళ్లకు వీపీఎఫ్, జీతం లేనివాళ్లకు పీపీఎఫ్, పాప ఉంటే కొంత సుకన్య. పదేళ్లకు పైగా అక్కర్లేని డబ్బులో కొంత భాగం ఈక్విటీ ఫండ్లలో. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర ఉంచాలన్నది రిజర్వు బ్యాంకు లక్ష్యం. అది నెరవేరినా 7.1లో నిజంగా పెరిగేది 3 శాతమే. అందుకే పన్ను లేదని మొత్తం డబ్బు పీపీఎఫ్‌లోనే పెట్టుకోవడం కూడా సరికాదు.

పన్ను లేని వడ్డీని రిటర్నులో చూపించాలా?

చూపించాలి. మినహాయింపు ఆదాయానికి రిటర్నులో షెడ్యూల్ ఈఐ అని వేరే చోటుంది, అక్కడ రాయాలి. పన్ను పెరగదు. రేపు ఇల్లు కొనేటప్పుడు 'ఇంత డబ్బు ఎక్కడిది' అని అడిగితే మీ జవాబు అక్కడే ఉంటుంది.

ఖాతాదారు పోతే ఆ డబ్బు ఏమవుతుంది?

నామినీకి వెళుతుంది. పీపీఎఫ్ ఖాతాను నామినీ తన పేరున కొనసాగించలేరు, మూసేసి డబ్బు తీసుకోవాలి. సుకన్యలో సంరక్షకులు పోతే మరొకరిని పెట్టుకుని కొనసాగించుకోవచ్చు. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో నామినీగా ఇంకా అమ్మ పేరో నాన్న పేరో ఉండిపోతుంది. పీపీఎఫ్‌లో నామినీ మార్చడానికి 2025 ఏప్రిల్ నుంచి రుసుము కూడా లేదు, ఫారం ఒకటి నింపి ఇచ్చి రసీదు తీసుకోండి.